కడలి కడుపున గుహలు

వీరపునాయునిపల్లె ప్రాంతము వాడొకడు సముద్రము అడుగున నుండు గుహలను గురించి ప్రసంగించుననగా వినువారికి నవ్వు రావచ్చును. పాపాఘ్నిలో మోకాలిలోతు నీరు పారిన యేడు పండుగ చేసికొను సీమ మాది. సముద్రము చూడవలెనన్న తూర్పుగా నెల్లూరు దాటి పోవలెను. ఐనను ఈ విషయము మాట్లాడుటకు మాకును కొంత హక్కు కలదని నా నమ్మకము.

మన ఇండ్లముందు పరచుకొను నాపబండలు, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారములలో పొడియగుచున్న సున్నపురాయి, ఇవి యన్నియు ఒకనాటి సముద్రపు అడుగున పొరలుపొరలుగా పేరుకొన్నవే. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గురించి 1872లోనే పెద్ద గ్రంథము వ్రాసెను. మన వేంపల్లె పేరు నాటినుండి శాస్త్రగ్రంథములకు ఎక్కినది. జమ్మలమడుగు ప్రక్కన దొరకు నార్జి సున్నపురాయి వయస్సు యాభై కోట్ల యేండ్లకు పైమాటయే కాని లోమాట కాదు. అనగా మనము సముద్రమునకు దూరముగా లేము. సముద్రమే లేచిపోయిన నేలమీద కాపురము చేయుచున్నాము.

ఇట్టి రాతిలోనే గుహలు పుట్టును. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొంచెము పులుపెక్కును. ఆ నీరు సున్నపురాతి సందులలో దిగి వేలకొలది యేండ్లు రాతిని కరగించును. తాడిపత్రి, జమ్మలమడుగుల నడుమ నున్న బెలుం గుహలు ఇట్లు ఏర్పడినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని గురించి వ్రాసెను. 1982, 83 సంవత్సరములలో జర్మనీనుండి వచ్చిన గుహాన్వేషకులు గెబావర్ నాయకత్వమున కొలిచి పటము గీసిరి. కొలతకు వచ్చిన నిడివి 3,229 మీటర్లు. ఆ గుహలలో అన్నిటికంటె లోతైన చోటికి పాతాళగంగ అని పేరు. అక్కడ ఒక చిన్న ప్రవాహము కనుపించి, రాతిక్రింద దూరి మాయమగును. చూచిన ప్రతివాడును అడుగు ప్రశ్న ఒకటే: ఆ నీరు ఎక్కడికి పోవుచున్నది? లోకమున గుహలలో నీటిక్రింద ఈదు సాహసము మొదలైనది సరిగా ఈ ప్రశ్నతోనే.

ఆ సంగతికి పోవకముందు ఒక స్వవిషయము చెప్పుదును. నాకు పదిరెండేండ్ల వయసప్పుడు మా చేని దగ్గర ఒక కపిల బావి ఉండెడిది. నడుముకు బెండ్లు కట్టుకొని ఈత నేర్చినది అందులోనే. నీటిమట్టమునకు చాల క్రింద, ఉత్తరపు ప్రక్క బండక్రింద నీరు తొలిచిన సందు ఒకటి ఉండెను. దానిని మేము గవి అనెడివారము. ఆ గవిలోనికి పోయి గుప్పెడు ఇసుక తెచ్చినవాడే మొనగాడు. ఒక ఎండాకాలపు మధ్యాహ్నమున నేనును దిగితిని. ఇసుక చేతికి దొరికినది. ఊపిరి చాలక పైకి లేవబోగా నెత్తి రాతికి తగిలినది. ఇంకొక ప్రక్కకు జరిగి లేచితిని. అక్కడను రాయియే. కన్నులు తెరచిన ఒండునీరు తప్ప ఏమియు కనబడదు. ఎటు పోయినది, ఎట్లు బయటపడినది నాకు తెలియదు. గట్టుమీద కపిల తోలుచుండిన మామ నా జుట్టు పట్టి మెట్లమీద కూర్చుండబెట్టెను. ఆయన తిట్టలేదు. "దిగేదానికి ఊపిరి చాలితే చాలదురా అబ్బీ, తిరిగొచ్చేదానికి సుత చాలాల. నెత్తిమీద బండ ఉందని ముందే చూసుకోవద్దా?" అని మాత్రము అనెను. గుప్పిట విప్పి చూచుకొంటిని. ఇసుక లేదు.

తరువాత ఎన్నో యేండ్లకు సముద్రగుహలలో ఈదువారి పద్ధతులను గురించి చదివినప్పుడు, ఆ మామ చెప్పిన మాటనే వారు లెక్కలు కట్టి నియమములుగా వ్రాసికొనిరని నాకు తోచినది.

మామూలు సముద్రములో మునిగిన వానికి ఆపద వచ్చిన, పైకి రావచ్చును. పైన గాలి ఉన్నది. నేడు విశాఖపట్టణము దాపున ఋషికొండ వద్ద సామాన్యులకును ఈ విద్య నేర్పుచున్నారు. అక్కడ తలపై నీరు తప్ప మరేమియు లేదు. గుహలో అట్లు కాదు. పైకి పోయిన రాయి. పోయిన దారినే వెనుకకు రావలెను. ఆ దారి ఎంత పొడవో అంత పొడవునను ఊపిరి కావలెను.

ఆ ఊపిరిని వెంట మోసికొనిపోవు సాధనమునకే స్కూబా అని పేరు. ఆంగ్లపదముల తొలి అక్షరములను కూర్చి అల్లిన మాట అది. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో అను నావికాధికారియు, గాన్యాన్ అను యంత్రశిల్పియు కలిసి దీనిని ఒక కొలిక్కి తెచ్చిరి. వీపున ఉక్కు సిలిండరు. అందులో గట్టిగా అదిమి నింపిన గాలి. నోట ఒక రెగ్యులేటరు. ఈతగాడు ఎంత లోతున నున్నాడో అక్కడి నీటి ఒత్తిడికి సరిపోవు గాలిని, పీల్చినప్పుడు మాత్రమే, అది అందించును. అంతకుముందు 1935లో ఇంగ్లండున వూకీ హోల్ గుహలలో బాల్కోంబ్, షెపర్డ్ అను వారు దిగినప్పుడు సీసపు అడుగుల జోళ్ళు తొడిగి, రాగి శిరస్త్రాణము పెట్టుకొని, వెనుక పొడుగాటి గాలిగొట్టమును ఈడ్చుకొనుచు అడుగున నడచిరి. వారిని దింపినదియు, నది ఎక్కడినుండి వచ్చుచున్నదన్న ప్రశ్నయే.

ఇక లెక్క చూడుడు. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక్కొక్క వాతావరణపు ఒత్తిడి పెరుగును. 12 లీటర్ల సిలిండరులో మామూలుగా నింపు గాలి సుమారు 2,400 లీటర్లు. నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి నీటిపైన అది రెండు గంటలు వచ్చును. 37 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి నాలుగున్నర రెట్లు దాటును కాబట్టి అదే గాలి సుమారు 25 నిమిషములకు చెల్లిపోవును. భయపడి రొప్పినచో ఇంకను తక్కువ. పైగా 30 మీటర్లు దాటిన పిమ్మట గాలిలోని నత్రజని త్రాగినవాని మత్తు వంటి మత్తు పుట్టించును. లెక్క మరచిపోవుటకు అంతకంటె ఏమి కావలెను?

మరియొక వింత. బావిలో దిగిన మేము ఊపిరి బిగబట్టి పైకి వచ్చెడివారము. సిలిండరు గాలి పీల్చినవాడు అట్లు చేసిన ప్రాణాపాయము. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చుసరికి రెండింతలగును, ఊపిరితిత్తులు చీలును. అతడు పైకి వచ్చునంతసేపు ఊపిరి విడుచుచునే యుండవలెను. ఒకరి విద్య మరియొకరికి మృత్యువు!

37 మీటర్లని నేను ఊరక చెప్పలేదు. ఫ్రాన్సు దక్షిణతీరమున మార్సేయ్ నగరము దాపున, మోర్జియు అను సముద్రపు కొమ్ము క్రింద, సరిగా 37 మీటర్ల లోతున ఒక గుహద్వారమున్నది. లోపల ఇరుకైన సొరంగము సుమారు 175 మీటర్ల దూరము పైపైకి వంగుచు పోయి, చివరకు గాలి నిలిచిన ఒక విశాలమైన గుహలో తేలును. ఆన్రి కోస్కే అను వృత్తి ఈతగాడు 1985లో ఆ చివరిదాక చేరెను. ఒక్క దిగుడులో కాదు. కొంత దూరము పోవుట, నీరు మురికియగుట, వెనుకకు వచ్చుట, మరల మరియొకనాడు పోవుట. అతని ఘనత లోపలికి పోవుటలో కంటె వెనుకకు వచ్చుటలోనే ఉన్నదని నేను అనుకొందును. 1991లో స్నేహితులతో మరల పోయినప్పుడు, గోడపై దీపపు వెలుగులో ఒక అరచేయి కనబడినది. మనుష్యుని చేయి. గోడకు ఆనించి, చుట్టును రంగు చిమ్మి తీసిన ముద్ర.

వెదకగా గుర్రములు, దున్నలు, సీలుచేపలు, నేడు లోకమున లేని ఒకజాతి సముద్రపు పక్షులు, ఎన్నో చేతులు కనబడినవి. ఆ ముద్రలు 27,000 యేండ్లకు తక్కువ కానివి. జంతువుల బొమ్మలలో చాలవరకు 19,000 యేండ్ల నాటివి. నీటిక్రింద నూరారు బారలు ఈది పోయి ఆదిమానవుడు బొమ్మలు వ్రాసెనా? కాదు. ఆనాడు హిమయుగము. నీరెల్ల ధ్రువములయందు మంచుగా బిగిసి, సముద్రము నేటికంటె 100 మీటర్లకు పైగా దిగువన ఉండెను. ఒడ్డు ఎన్నో మైళ్ళ దూరమున ఉండెను. మనుష్యులు నడచి వచ్చి, దివిటీ పట్టుకొని, చేయి ఆనించి పోయిరి. తరువాత మంచు కరగినది, సముద్రము మెల్లగా వచ్చి తలుపు మూసినది. గుహలో సుమారు అయిదింట నాలుగు వంతులు నీట మునిగి, పైమిగిలిన దానిలోని బొమ్మలు మాత్రము మనకు దక్కినవి. మొదట ఇవి దొంగబొమ్మలేమో అని కొందరు పండితులు శంకించిరి. బొగ్గును పరీక్షించి కాలము తేల్చగా, బొమ్మలపై పేరుకొన్న సున్నపు పొరయు సాక్ష్యము చెప్పగా ఊరకుండిరి.

మునిగిన గుహ ఒకప్పుడు పొడిగుహయని చెప్పుటకు సులభమైన గుర్తు ఒకటి కలదు. బెలుం గుహలలో కప్పునుండి వ్రేలాడు రాతి ఊడలు మనము చూచియున్నాము. నీటిబొట్టు గాలిలో జారినప్పుడు మాత్రమే అవి పెరుగును. నీటిక్రింద పెరుగవు. మధ్య అమెరికాలోని బెలీజ్ తీరమున గ్రేట్ బ్లూ హోల్ అను నీలపు నుయ్యి వంటి గుహ సముద్రములో నున్నది. లోతు 120 మీటర్లు దాటును. 1971 ప్రాంతమున కూస్తో బృందము అందులో దిగి, నీటి అడుగున పెద్ద పెద్ద రాతి ఊడలను చూచినది. ఇక వాదమెందుకు? అది ఒకనాడు నేలమీది గుహయే.

బొమ్మల ప్రసక్తి వచ్చినది కాబట్టి ఒకమాట. ముద్దనూరు దాపున చింతకుంట గుట్టలలో ఎద్దుల ఆవుల గుండు అను బండక్రింద మూపురపు ఎద్దుల బొమ్మలు, మనుష్యుల బొమ్మలు ఎఱ్ఱరంగున నేటికిని ఉన్నవి. వాటిని చూచుటకు సిలిండరు అక్కరలేదు; ఒక పూట తీరిక చాలును. మన జిల్లావారిలో ఎందరము చూచితిమి?

కోస్కే గుహ కథలో నేను ఇంకొక భాగము చెప్పవలసియున్నది. 1991 సెప్టెంబరు 1వ తేదీన, ఆ గుహలో ఏమున్నదో ఎరుగని ఈతగాండ్రు కొందరు ఆ సొరంగములో దిగిరి. ముగ్గురు తిరిగి రాలేదు. రాతిగుహల అడుగున శతాబ్దముల ఒండు మెత్తగా పేరుకొనియుండును. కాలి తెడ్డు ఒక్కటి దానికి తగిలిన చాలును, నీరు రాగి అంబలి వలె చిక్కబడును. చేతిలోని దీపము కూడ కనబడదు. దారి తప్పినవారు వెదకుచు గాలి ముగించుకొనిరి. ఈ మరణముల పిమ్మటనే కోస్కే తాను కనిన సంగతి ప్రభుత్వమునకు తెలిపెను. ద్వారమును మూసివేసిరి. నేడు సామాన్యులకు అందులో ప్రవేశము లేదు. 2022లో మార్సేయ్ నగరమున ఆ గుహకు నమూనా కట్టి ప్రజలకు చూపుచున్నారు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఇటువంటి మరణములు ఎక్కువ. అక్కడి గుహలలో ఆరితేరిన షెక్ ఎక్స్‌లీ అను ఈతగాడు చనిపోయినవారి కథలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1979లో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అందులో తేలిన నియమములు సామాన్యముగా కనబడును. బయటినుండి లోపలివరకు తెగని దారము పరచుకొని పోవలెను. కన్ను పనిచేయనప్పుడు చేయి దానిని పట్టుకొని వచ్చును. వెంటనున్న గాలిలో మూడవవంతు అయిపోగానే, ఎంత ముచ్చటైన దృశ్యము ఎదుటనున్నను, వెనుకకు తిరుగవలెను. మూడవవంతు వచ్చుటకు. మిగిలిన మూడవవంతు ఎవరికి? తనకు గాని, తోడివానికి గాని ఆపద వచ్చినప్పటికి. పైన చెప్పిన 25 నిమిషముల గాలిలో లోపలికి పోవుటకు దక్కునది ఎనిమిది నిమిషములు మాత్రమే! ఇంత తెలిసిన ఎక్స్‌లీయే 1994లో మెక్సికో దేశమున ఒక అగాధమైన నీటిగుహలో మరణించెను. నియమములు తెలిసినవానిని నీరు గౌరవించునని చెప్పుటకు లేదు.

2018లో థాయిలాండున థామ్ లువాంగ్ గుహలో పన్నెండుగురు బాలురును, వారికి బంతియాట నేర్పు యువకుడును చిక్కుకొన్న సంగతి శ్రోతలకు గుర్తుండును. జూన్ 23వ తేదీన లోనికి పోయిరి. వాన వచ్చి వెనుక దారి నీట మునిగినది. జూలై 2వ తేదీ రాత్రి స్టాంటన్, వోలంథెన్ అను ఇద్దరు బ్రిటిషు ఈతగాండ్రు సుమారు 4 కిలోమీటర్ల లోపల వారిని కనుగొనిరి. గుహలలో నీటిక్రింద ఈది యెరుగని పిల్లలు. నీటిలో భయపడి గింజుకొన్న తామును చత్తురు, తీసికొనివచ్చువానిని చంపుదురు. కాబట్టి హారిస్ అను వైద్యుడు, తానును గుహల ఈతగాడే, వారికి మత్తుమందు ఇచ్చి నిద్రపుచ్చెను. నిద్రించుచున్న పిల్లలను ముఖమునకు గాలితొడుగు బిగించి ఒక్కొక్కరినే దారము వెంబడి తెచ్చిరి. నీటిని తోడు పనిలో మన దేశపు కిర్లోస్కర్ సంస్థ ఇంజనీర్లును సలహా నిచ్చిరి. జూలై 10వ తేదీకి పదుముగ్గురును బయటపడిరి. అంతకు నాలుగు రోజుల ముందు, వారికొరకు దారిపొడవున గాలిసిలిండర్లు ఉంచి వచ్చుచు, సమన్ కునన్ అను మాజీ నావికుడు ప్రాణము విడిచెను.

ఇక మన సీమకు చాల దగ్గరి విషయమొకటి. 1946 ఆగస్టులో కూస్తోయు, అతని మిత్రుడు డ్యూమాయు దక్షిణ ఫ్రాన్సులోని వోక్లూజ్ ఊటబావి లోతు కనుగొనవలెనని దిగిరి. కొంత లోతు పోవుసరికి ఇద్దరికిని మతి తప్పినది. ఎందుకు వచ్చితిమో మరచిరి. పైనున్నవారికి దారపు సైగ సరిగా ఈయలేకపోయిరి. చావు అంచుదాక పోయి ఎట్లో పైకి వచ్చిరి. లోతు మత్తు అనుకొనిరి. తరువాత తేలినదేమనగా, సిలిండర్లలో గాలి నింపు యంత్రము తన ఇంజను విడిచిన పొగనే తాను పీల్చుకొని గాలితోపాటు నింపినది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వారిని మత్తులో ముంచినది. దానికి రంగు లేదు, వాసన లేదు.

శ్రోతలలో రైతులు ఈ మాట జాగ్రత్తగా వినవలెను. నీరు లోతునకు పోయిన బావిలో ఆయిలు ఇంజను దింపి నడపుట మన ప్రాంతమున ఎరుగనిది కాదు. ఆ ఇంజను పొగలో ఉన్నదియు ఇదే విషము. పాడుబడ్డ బావిలో చేరు చెడుగాలి వేరు. అందులో ప్రాణవాయువు తక్కువ, దీపము దింపిన ఆరిపోవును. అందుకే పెద్దలు దీపము దింపి చూచెడివారు. మంచి అలవాటే. కాని ఇంజను పొగ విషయమున దీపమును నమ్మరాదు. మనిషిని చంపునంత విషమున్నను దీపము చక్కగా వెలుగుచునే యుండును. ఇంజను ఆపి, బావిలో చాలసేపు గాలి ఆడనిచ్చి, నడుముకు మోకు కట్టుకొని, పైన ఇద్దరు పట్టుకొనియుండగా దిగవలెను. లోపల ఒకడు పడిపోయిన, తీయబోవు రెండవవాడును, వాని వెనుక మూడవవాడును అదే గాలి పీల్చుదురు. ఒకే బావిలో అన్నదమ్ములు ఇట్లు వరుసగా పోయిన ఇండ్లు ఉన్నవి.

మా కపిల బావి సంగతి చెప్పి ముగింతును. చుట్టుప్రక్కల బోర్లు వేసిన తరువాత దానిలో నీరు క్రమముగా తగ్గి, చివరకు ఎండిపోయినది. కొన్ని సంవత్సరముల క్రిందట ఊరికి పోయినప్పుడు, నిచ్చెన తెప్పించి, పైన ఇద్దరిని నిలిపి, మోకు కట్టుకొని అడుగునకు దిగితిని. ఉత్తరపు ప్రక్క బండక్రింద మా గవి అట్లే ఉన్నది. అందులో గబ్బిలములు చేరినవి. వంగి లోపలికి పోయి, చేతనున్న టేపుతో కొలిచితిని. పొడవు ఆరడుగుల ఎనిమిది అంగుళములు. ఇసుక ఇంకను ఉన్నది. పైనుండి మా తమ్ముని కొడుకు, "పెదనాయనా, ఎంతసేపు? ఎక్కిరా" అని కేక వేసెను. ఎక్కి వచ్చితిని.